పోతపాలు

తల్లిపాలు చాలని బిడ్డకు పట్టే పాలను మనవైపు పోతపాలంటారు. ఇక్కడ అవి డబ్బాలో పొడిగా వస్తాయి. 2022 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రంలోని స్టర్జిస్ అనే ఊళ్ళో ఒక పెద్ద పాలపొడి కర్మాగారం మూతపడింది. మే నెల వచ్చేసరికి న్యూజెర్సీలో మేం ఏ దుకాణానికి వెళ్ళినా ఆ అరలు ఖాళీ. ఇంట్లో రెండు నెలల మనవరాలు. కోడలికి పాలు చాలడం లేదు.

సలహాలకు మాత్రం కరువు లేదు. కోడలి స్నేహితురాలు ఎవరి ద్వారానో తెప్పించుకున్న జర్మనీ డబ్బా ఒకటి ఇచ్చింది. "యూరప్‌ది మనదానికన్నా మంచిదిట" అన్నారు మావారు. ముప్ఫై ఏళ్ళకి అమెరికాది 'మనది' అయింది! హైదరాబాదు నుంచి బయల్దేరుతున్న మా చెల్లెలు, "అక్కా, నాలుగు డబ్బాలు సూట్‌కేసులో పడేసుకొస్తాను" అంది.

కోడలు డబ్బా తిప్పి చూసింది. అంతా జర్మన్. అంకెలు మాత్రం అర్థమయ్యాయి. "అత్తయ్యా, మన డబ్బాకి చెంచా పొడికి 60 మిల్లీలీటర్ల నీళ్ళు. దీనికి 30 అని ఉంది" అంది. అలవాటు ప్రకారం కలిపితే పాలు సగానికి సగం పలచన. బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి పట్టదు. నీళ్ళు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోతే పసివాళ్ళకు ఫిట్స్ కూడా రావచ్చు.

అలాగని యూరప్ పాలు చెడ్డవని కాదు. అక్కడి చట్టాలూ గట్టివే. ఆ మే నెలలోనే అమెరికా ప్రభుత్వం విదేశీ కంపెనీల వివరాలు పరిశీలించి అనుమతులిచ్చింది. 22వ తేదీన మొదటి సరుకు జర్మనీ నుంచి సైనిక విమానంలో ఇండియానాపొలిస్‌లో దిగింది. అంతకుముందు 2021లో, ఇక్కడ ఎవరి పరిశీలనకూ రాకుండా అమ్ముడైన యూరప్ పాలపొడులు కొన్నింటిని వెనక్కి తీసుకున్నారు. కొన్నింటిలో ఇనుము తక్కువ, ఆ సంగతి డబ్బా మీద లేదు.

పిల్లల డాక్టరు ఒక్కటే అడిగింది: "రేపు ఈ డబ్బాలో లోపముందని కంపెనీ ప్రకటిస్తే, ఆ కబురు మీకెవరు చెప్తారు?"

మా దగ్గర జవాబు లేదు. స్నేహితురాలి డబ్బాకీ లేదు, సూట్‌కేసు డబ్బాకీ లేదు. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న పిల్లకు దుకాణం వాళ్ళు సొంత పేరుతో అమ్మే పాలపొడి అయినా సరిపోతుందని ఆవిడే చెప్పింది. నాలుగో దుకాణంలో అది దొరికింది.

ఫోనులో చెల్లెలు నిష్ఠూరమాడింది. "మనమంతా గేదెపాలల్లో నీళ్ళు కలిపి పోస్తే పెరగలేదూ?" అని. పెరిగినవాళ్ళం కనకే చెప్పుకుంటున్నాం. మా అమ్మకు మా ఇద్దరికీ మధ్య ఇంకొకడు పుట్టాడు. వాడికి ఏ పాలు పట్టారో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ఆ మాట అన్నాక అది కాసేపు మాట్లాడలేదు.

జూన్‌లో వచ్చింది. సూట్‌కేసులో డబ్బాలకు ఉంచిన చోటులో కోడలికని శొంఠిపొడి, వాము తెచ్చింది.