అండమాన్ సముద్రంలో ఎక్కడ దిగాలి?

పిల్లలూ, భారతదేశపటం తీసి బంగాళాఖాతంలో తూర్పువైపు చూడండి. పైనుంచి కిందికి జారవిడిచిన గింజల్లాగా కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవే అండమాన్, నికోబార్ దీవులు. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే సుమారు మూడు రోజుల ప్రయాణం. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ముఖ్యపట్టణానికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడ జంగ్లీఘాట్ అనే పేటలో నడుస్తూ ఉంటే మన తెలుగే చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు.

ఈ దీవులకు వెళ్ళేవారిలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది: వీపున గాలిసీసా కట్టుకుని సముద్రంలోకి దిగి పగడపు దిబ్బలు చూడాలని. దీనినే స్కూబా అంటారు. ఇందుకు కావలసిన పరికరాన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యా అనే ఇంజనీరు తయారుచేశారు. ఆ సీసాలో ఉండేది, చాలామంది అనుకున్నట్లు, వట్టి ప్రాణవాయువు కాదు. మనం పీల్చే మామూలు గాలినే బాగా అదిమి నింపుతారు. మనం పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి తగినట్లు గాలిని వదిలే కవాటం ఒకటి ఉంటుంది. కీలకమంతా దానిలోనే ఉన్నది.

మన కోస్తాకు ఇంత సముద్రం ఉండగా అంత దూరం పోవడం ఎందుకని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పగడం రాయి కాదు. చిన్న చిన్న జీవులు గుంపుగా కట్టుకున్న ఊరు. ఆ జీవుల ఒంట్లో నాచువంటి సూక్ష్మజీవులు కాపురముండి, ఎండ తగిలితే ఆహారం వండిపెడతాయి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుతో మన నీరు మసకబారుతుంది. ఎండ అడుగుకు అందదు. అండమాన్‌లో అంతటి నదులు లేవు. అందుచేత అక్కడ నీరు అద్దంలాగా ఉంటుంది, పగడాలు పెరుగుతాయి.

స్కూబాకు పేరుపడిన దీవి హావ్‌లాక్. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. దాని చుట్టూ దిగేచోట్లు చాలా ఉన్నవి. నీమో రీఫ్ అనే చోట ఒడ్డునుంచే నడిచి నీళ్ళలోకి దిగవచ్చు. లోతు సుమారు 10 మీటర్ల లోపే. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ అనేవి పడవమీద పోయి దిగవలసిన చోట్లు. అక్కడ లోతు 30 మీటర్ల దాకా పోతుంది, నీటివాలు కూడా బలంగా ఉంటుంది. సొరచేపలు, పెద్ద చేపల మందలు అక్కడే కనిపిస్తాయి గనక అందరి మనసూ అటే లాగుతుంది.

కాని చోటును ఎంచవలసింది దాని పేరు చూసి కాదు, దిగేవాడిని చూసి. ఎందుకో చెబుతాను. మీరు 10 మీటర్లు దిగితే ఒంటిమీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. 20 మీటర్లకు మూడింతలు, 30 మీటర్లకు నాలుగింతలు. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి, ఊపిరి బిగపట్టి పైకి వస్తే, రెట్టింపు చోటు కావాలంటుంది. ఊపిరితిత్తులు అంత చోటు ఎక్కడినుంచి తెస్తాయి? అందుకే నీటి అడుగున ఊపిరి బిగపట్టరాదన్నది మొదటి పాఠం. లోతు తక్కువగదా అని ఈ పాఠాన్ని మరవరాదు.

లోతున మరొక చిక్కు ఉన్నది. ఒత్తిడికి గాలిలోని నత్రజని నెత్తురులో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే గోళీసోడా కొట్టినట్లు బుడగలు లేస్తాయి. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకలమీద పరీక్షలు చేసి, ఎంత లోతునుంచి ఎలా ఆగి ఆగి పైకి రావాలో 1908లో పట్టికలు వేసి చూపాడు. (ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. అదొక పెద్ద కథ.) ఈ బుడగల భయంవల్లనే, ఒకటికి రెండుసార్లు నీట దిగినవారు కనీసం 18 గంటలు ఆగిగాని విమానం ఎక్కరాదు.

కొత్తవారిని శిక్షకులు 12 మీటర్లు దాటనివ్వరు. తరగతులు పూర్తిచేసినవారికి 18 మీటర్లు, ఆపైన మరికొంత నేర్చినవారికి 30. పదేళ్ళు నిండాలన్నది మామూలు నియమం. కాలం కూడా చూసుకోవాలి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలు, ఆ తరువాత తుపానుల భయం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది.

మేము వెళ్ళింది ఫిబ్రవరి నెలలో. మా మనుమడికి పన్నెండేళ్ళు, మనుమరాలికి పదకొండు. మనుమడు ఇంటినుంచే జానీస్ గార్జ్ జపం చేస్తూ వచ్చాడు. ఒక దుకాణంవాడు, "ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోతాం, కాగితాలేమీ అక్కర్లేదు," అన్నాడు. నేను అక్కడ కూర్చోలేదు. రెండవచోట ఒక శిక్షకురాలు చాలాసేపు ప్రశ్నలు వేసింది: ఉబ్బసం ఉన్నదా, చెవిపోటు ఉన్నదా, ఈత వచ్చునా అని. ఇంతలో మావాడు రెండుసార్లు చీదాడు.

"బాబూ, జలుబు ఉంటే దిగడానికి లేదు," అన్నది ఆమె.

"మాత్ర వేసుకుంటాను," అన్నాడు వాడు.

మాత్రతో ముక్కు తెరుచుకున్నా, నీటి అడుగున దాని బలం తగ్గిపోతే గాలి లోపలే చిక్కుకుని, పైకి వచ్చేటప్పుడు చెవికి దెబ్బ తగులుతుందని ఆమె ఓపికగా చెప్పింది. వాడు నావంక చూశాడు. నేను ఆమె మాటే సరి అన్నాను. మరునాటికీ జలుబు తగ్గలేదు. ఆ మరుసటి ఉదయమే విమానం. ఇక వేళ లేదు.

చెల్లెలు శిక్షకురాలి చెయ్యి పట్టుకుని నీమో రీఫ్‌లో ఆరు మీటర్లు దిగింది. వాడు కళ్ళకు అద్దాలు, నోట గొట్టం పెట్టుకుని, పైన బోర్లా తేలుతూ చూశాడు. తేలేవాడికి ఒత్తిడి బాధ లేదుగదా! పగడంమీద కాలు మోపరాదని ఇద్దరికీ ముందే చెప్పారు. 2010 వేసవిలో నీరు వేడెక్కి అక్కడి పగడాలు ఎన్నో పాలిపోయాయి. తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. విరిచి తెచ్చుకుంటే చట్టరీత్యా నేరం కూడాను.

ఆ దిబ్బ పక్కన సముద్రపు పువ్వు ఒకటి ఉన్నది. పువ్వన్నమాటేగాని అదీ జంతువే. దాని రేకులు ముట్టుకుంటే కుడతాయి. తెల్లచారల నారింజరంగు చేపలు మాత్రం వాటి మధ్యనే ఇల్లు కట్టుకుంటాయి. నాలుగు ఉన్నవని వాడు పైనుంచి లెక్కపెట్టాడు. రేకుల కింద వేలెడంత ఐదవది దాక్కున్నదని చెల్లెలు అంటుంది. విమానం దిగేదాకా ఆ తగాదా తేలలేదు.