మిర్చి కల్లాల నుంచి రేస్ ట్రాక్ దాకా
గుంటూరు నుంచి ఒంగోలు దాకా హైవేకి అటూ ఇటూ పత్తి, మిర్చి చేలే. నున్నగా సాగే ఈ రోడ్డు మీద మన కుర్రాళ్లు పైసా ఖర్చు లేకుండా రేసులాడేస్తుంటారు. నేను ఇదే రోడ్డు పట్టుకుని నాలుగొందల కిలోమీటర్లకు పైగా వెళ్లి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఎక్కుతాను. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు.

పోటీకి దిగాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు ఉండాలి. కంపెనీలు నడిపే వన్ మేక్ రేసుల్లో బండి వాళ్లే ఇస్తారు. లేదంటే బండి, టైర్లు, వ్యాను కిరాయి మనవే. లెదర్ సూటు, బూట్లు, గ్లోవ్స్, హెల్మెట్, ఎంట్రీ ఫీజు ఎటూ తప్పవు.

"ఆ డబ్బులు మిర్చికి పెట్టుబడి పెట్టొచ్చు కదరా" అంటాడు నాన్న. నిజమే. కానీ ట్రాక్ మీద ఎదురుగా ట్రాక్టర్ రాదు. పడితే అంబులెన్సు పక్కనే ఉంటుంది. ఖర్చు పెట్టేది అందుకే.