ఏరు

జూన్ 12న బడి తెరుస్తారనగా వారం ముందు నుంచే పేపర్లలో సలహాలు వస్తాయి. పిల్లల్ని తొందరగా పడుకోబెట్టండి, సెల్‌ఫోన్ తగ్గించండి, పొద్దున్నే లేవడం అలవాటు చెయ్యండి అని. మంచి మాటలే. కానీ మా భద్రాచలం ఏజెన్సీ గూడేల్లో పిల్లల్ని పొద్దున్నే లేపాల్సిన పనేముంది? ఎండాకాలం వాళ్లు కోడి కూయకముందే లేచి అమ్మానాన్నల వెంట తునికాకుకు పోతారు. ఎండెక్కేలోపు ఇంటికొచ్చి, నీడన కూర్చుని 50 ఆకులకో కట్ట కడతారు. మధ్యాహ్నం ఓ కునుకు. సాయంత్రం కల్లంలో కట్టలు అప్పజెప్పాక ఆట. పెళ్లి ఉంటే రేలా పాటలతోనే తెల్లారుతుంది.

అంటే వాళ్లకు దినచర్య ఉంది. మన బడి గంటకు దాంతో పొంతన లేదు. నేను కోయవాణ్ని, ఆశ్రమ పాఠశాలలోనే చదువుకున్నవాణ్ని. అయినా ఈ సంగతి టీచరయ్యాక చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.

ఒక ఏడు జూన్‌లో హాస్టల్ గోడకు నేనే టైంటేబుల్ రాసి అంటించాను. 5 గంటలకు లేవడం, వ్యాయామం, స్నానం, టిఫిన్, ప్రార్థన, తరగతులు, ఆటలు, స్టడీ అవర్, 9:30కి పడక. రంగు స్కెచ్‌లతో గీతలు కూడా కొట్టాను. నాకు తెగ నచ్చింది. నీళ్లు తాగడం అన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఆ ఏడే ఒకటో తరగతిలో చేరిన పిల్లాడొకడు రెండో రోజో మూడో రోజో పాఠం మధ్యలో లేచి 'ఏరు' అన్నాడు. మా కోయభాషలో ఏరంటే నీళ్లు. తెలుగులో వాగు. మైదానం నుంచి వచ్చిన మా సారు, "వానల్లో ఏటికి పోతావా? కూర్చో!" అని గదమాయించాడు. ఆయనకు తెలియదు. నాకు తెలుసు, వరండాలోనే ఉన్నాను. లోపలికి పోయి చెప్పొచ్చు. చెప్పలేదు. తర్వాత పిల్లాణ్ని పిలిచి, "బడిలో నీళ్లు అనాలిరా" అని దిద్దాను. వాడికి తెలుగు నేర్పాననుకున్నాను. ఆ తర్వాత వాడు ఏ భాషలోనూ అడగలేదు.

జులైలో ముసురు పట్టిన రాత్రి మోకాళ్లు, మోచేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆటలో పడ్డాడేమోనని నూనె రాశాం. తెల్లారేసరికి జ్వరం. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి సికిల్ సెల్ అన్నారు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఒంట్లో నీరు తగ్గినా, చలిలో తడిసినా నొప్పి తిరగబెట్టొచ్చు. రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర వెయ్యండి, మాటిమాటికీ నీళ్లు తాగించండి, జ్వరమొస్తే ఆలస్యం చెయ్యకండి అని డాక్టరమ్మ చెప్పింది.

వాళ్లమ్మ నన్ను తిట్టలేదు. "అడవిలో నేను తాగినప్పుడల్లా వాడికీ సొరబుర్ర అందించేదాన్ని సారూ. ఇక్కడ ఎవరిస్తున్నారు?" అని కోయలోనే అడిగింది. నేను తల దించుకున్నాను.

చార్ట్ చింపేసి కొత్తది రాశాం. కేరళ బడుల్లో 2019లో మొదలుపెట్టిన వాటర్ బెల్ లాంటిదే మేమూ పెట్టాం. గంట కొట్టినా ఆడపిల్లలు గ్లాసు ముట్టుకోలేదు. ఎందుకని అడగడానికి నాకు నోరు రాలేదు, మా టీచరమ్మ అడిగింది. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, రాత్రి లైటు లేదు. తాగితే పోవాలి కదా! గడియ కొనడం ఒక్క పూట పని. బిగించే మనిషిని రప్పించడానికి మూడు వారాలు పట్టింది. గడియ పడ్డాకే గ్లాసులు కదిలాయి.

ఇప్పుడు మొదటి పది రోజులు చిన్నపిల్లలకు అన్నం తిన్నాక అరగంట కునుకు, రాత్రి 8:30కే లైట్లు ఆర్పడం. స్టడీ అవర్ తర్వాత చూసుకోవచ్చు. సెలవులకు గూడేనికొచ్చే కాలేజీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెబుతుంటాను. కొత్తగా బడికి పోయే పిల్లల్ని ముందే ఒకరోజు తీసుకొచ్చి కుళాయి, మరుగుదొడ్డి, రాత్రి భయమేస్తే తట్టాల్సిన తలుపు చూపించండి అని. సికిల్ సెల్ పరీక్ష చేయించి ఉంటే ఆ కార్డు కూడా తెమ్మంటాను.

ఆ పిల్లాడు ఇప్పుడు నాలుగో తరగతి. ఈ జూన్‌లోనూ వాళ్లమ్మ సొరబుర్ర పట్టుకొచ్చింది. ప్లాస్టిక్ సీసా ఉంది కదా అంటే వినదు. అది వాడి పెట్టె పక్కనే ఉంటుంది. గంట కొట్టగానే పిల్లలంతా 'ఏరు, ఏరు' అని అరుస్తారు. మైదానం సారు కూడా వాళ్లతో పాటు అదే అంటున్నాడు. ఆయన నోట అదింకా వాగులాగే వినిపిస్తుందనుకోండి.