చిన్న తుపాకీ - పెద్ద చాకిరీ

ఇంట్లో తుపాకీ ఉన్నవాడి మీద ఊళ్ళో రెండు రకాల అభిప్రాయాలుంటాయి. వీడు మహా ధైర్యవంతుడని కొందరంటారు. వీడు మహా పిరికివాడు, అందుకే తుపాకీ పెట్టుకున్నాడని మరికొందరంటారు. రెండూ నిజం కాదండీ. తుపాకీ మనకి కాపలా కాయదు. మనమే దానికి కాపలా కాస్తాం. మా తాడేపల్లిలో పన్నెండేళ్ళుగా నేను వెలగబెడుతున్న ఉద్యోగం అదే. జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు మాత్రం దగ్గర పడింది.

మాది పాయింట్ ట్వంటీటూ రైఫిలు. అంటే గొట్టం రంధ్రం అంగుళంలో నూటికి 22 వంతులన్నమాట. అందులో పేలే 'లాంగ్ రైఫిల్' తూటాను 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీవారు తయారు చేశారు. ఈనాటికీ అదే తూటా. సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. చూస్తే శనగగింజంత ఉంటుంది గాని, లోకువ కట్టకండి. అడ్డు లేకపోతే మైలు దూరం దాకా పోగలదు. ఎన్.సి.సి.లో చేరిన కుర్రాళ్ళు మొదట బుగ్గ ఆనించేది ఈ జాతి రైఫిలుకే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల పోటీలో కంచు పతకం తెచ్చింది కూడా దీని దాయాదితోనే.

మా రైఫిలు గొట్టం మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఉంటుంది. ఆ గుర్తు మీలో చాలామంది చూసే ఉంటారు, సైకిలు మీద! బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో ఇంగ్లండులో తుపాకుల మేస్త్రులు కలిసి పెట్టుకున్న కంపెనీ. తరవాత సైకిళ్ళలోకి, మోటారుసైకిళ్ళలోకి దిగింది. మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన బి.ఎస్.ఎ. సైకిలు తొక్కి కాలేజీకి వెళ్ళినవాళ్ళం, తుపాకుల కంపెనీ పేరు మీద ఊరేగుతున్నామని ఎవరం అనుకున్నాం?

మా తాతగారు దీన్ని పంట కాపలాకని కొన్నారట. మిరప తోటా, పత్తి చేనూ కాక, అవతల కాస్త వేరుశనగ ఉండేది. అడవిపందులు వచ్చి తవ్వి పోసేవి. నిజం చెప్పాలంటే పంది మీదికి ఈ రైఫిలు పనికిరాదు. గాయపడ్డ పంది గాయపడని పందికన్నా ప్రమాదం. పందుల్ని తరిమింది కిరసనాయిలు డబ్బాల మోతా, ఊరకుక్కలూను. పేరు మాత్రం తుపాకీకి వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మాట కూడా పోయింది. అప్పటినించి మా రైఫిలు ఉద్యోగం లేని జమీందారు.

మా నాన్నగారు మాత్రం దాన్ని దొరబిడ్డలా చూసేవారు. దసరాకి ఆయుధపూజ చేసేటప్పుడు పసుపూ కుంకం తుపాకీ చెక్క మీదే పెట్టేవారు గాని, ఇనుము మీద పెట్టనిచ్చేవారు కాదు. "తడి పసుపు రాత్రికి రాత్రి తుప్పవుతుంది, అమ్మవారికి అది ఇష్టం ఉండదు" అనేవారు. ఆయన చివరి మూడేళ్ళు మంచం పట్టారు. రైఫిలు తోలు సంచీలో ఉండిపోయింది. తోలు చెమ్మ పీల్చుకుని వదలదు. ఒక పక్క కృష్ణ, ఒక పక్క కాలవలు, పైన శ్రావణ భాద్రపదాలు. ఆయన పోయాక చట్టప్రకారం అప్పగించి, కాగితాలు నడిపి, నా పేర లైసెన్సు వచ్చాక ఇంటికి తెచ్చి చూసుకుంటే గొట్టం పొడుగునా ఎర్రటి పొక్కులు. బోల్టు కదలదు. తూటా డొక్కును బయటికి లాగే చిన్న కొక్కెం విరిగి ఉంది.

తుపాకీని సొంతవాడు తుడుచుకోవచ్చు గాని, మరమ్మతు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం అందుకు లైసెన్సున్నవాడే చేయాలి. బెజవాడలో అలాంటి పెద్ద మేస్త్రి ఒకాయన దొరికాడు. రైఫిలు అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు:

"కొత్తదానిలా చెయ్యమంటారా, బాగు చెయ్యమంటారా?"

"తేడా ఏమిటి సాయిబుగారూ?"

"కొత్తదానిలా చెయ్యాలంటే గరుకు కాయితం పెట్టి గీకెయ్యాలి. తుప్పు పోతుంది, దాంతోపాటు కంపెనీ గుర్తూ పోతుంది, నంబరూ పోతుంది. తరవాత మీరూ లోపలికి పోతారు."

ఆయన హాస్యమాడలేదు. తుపాకీ నంబరు చెరపడం నేరం. లైసెన్సులో ఉన్న నంబరూ, ఇనుము మీది నంబరూ ఒకటే కావాలి. అదొక్కటే కాదు. ఆ నల్లటి నీలిరంగు ఉందే, అదీ ఒక రకం తుప్పేనట! మేస్త్రి పద్ధతిగా పట్టించే నల్ల తుప్పు, వానాకాలం పట్టించే ఎర్ర తుప్పును ఆపుతుంది. గీకితే రెండూ పోతాయి.

కొక్కెం ఆయన చేసిపెట్టాడు. ఎర్ర పొక్కులు దించే పని నాకే ఒప్పచెప్పాడు. పల్చటి నూనె రాసి రెండు రోజులు నాననిచ్చి, ఇనుముకన్నా మెత్తనిదానితో నెమ్మదిగా గోకాలన్నాడు. "రాగి నాణెం ఉందా?" అన్నాడు. మా అమ్మ గూట్లో పాత దమ్మిడీ ఒకటి దొరికింది. దమ్మిడీకి కొరగాడని ఎవర్నన్నా తిట్టేముందు ఇకనించి ఆలోచిస్తాను. ఆ చెల్లని దమ్మిడీ అంచే నెలరోజుల్లో తుప్పంతా దించింది, నలుపు చాలామటుకు మిగిలింది.

గొట్టం లోపలి మచ్చలు మాత్రం పోలేదు, పోవు కూడా. పాతకాలపు తూటాల మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది ఉప్పుగా మారి గొట్టంలో మిగిలేది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో మీకు తెలుసు గదా! ఆ ఉప్పు నూనెకి కరగదు, నీళ్ళకే కరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో కాల్చిన వెంటనే వేణ్ణీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె రాసేవారు. ఒకటి రెండుసార్లు ఎవరికో తీరుబడి లేకపోయుంటుంది. ఆ మచ్చలు ఇప్పుడు స్ఫోటకపు మచ్చల్లా నిలిచాయి.

ఇక నెలవారీ చాకిరీ. మొదట బోల్టు తీసి గొట్టంలో తూటా లేదని కంటితో చూడాలి, నిన్న మీరే చూసి పెట్టినా సరే. ఊచ వెనక వైపునించే దూర్చాలి. ఈ చిన్న గొట్టాలు కాల్పులకన్నా కడిగేవాడి మొరటుతనానికే ఎక్కువ అరుగుతాయి. ముందు మూతి దగ్గర ఊచ రాసుకుంటే గురి పోతుంది. ఖాళీ తుపాకీ ట్రిగ్గరు సరదాకి నొక్కకూడదు. తూటా లేకపోతే లోపలి సూది నేరుగా గొట్టం అంచును పొడుస్తుంది. కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకూడదు, చలికాలం గడ్డకడుతుంది. కుట్టుమిషను నూనె చాలు, అదీ గుడ్డకి అంటీ అంటనట్టు. చెక్కకి ఏడాదికోసారి అవిసెనూనె చుక్కలు. చివర వేలిముద్రలన్నీ తుడిచెయ్యాలి, దొంగల్లాగా. చెమటలో ఉప్పుంటుంది.

"నా కుట్టుమిషనుకి ఏనాడన్నా ఇంత సేవ చేశారా?" అంటుంది మా ఆవిడ. నూనె సీసా ఆవిడది కాబట్టి నేను మాట్లాడను.

ఎన్నికలొస్తే మా రైఫిలు పుట్టింటికెళ్ళినట్టు పోలీసు స్టేషనుకు వెళ్తుంది. రసీదు పుచ్చుకుని అప్పగించడం, అవి అయ్యాక తెచ్చుకోవడం. 2024లో అలాగే వెళ్ళొచ్చింది. వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తుడవాలి. ఆడపిల్ల సారె లాగే, రెండు వైపులా ఖర్చు.

ఇంతా చేసి పన్నెండేళ్ళలో నేను కాల్చిన తూటాలు ఎన్ని అంటారా? మేస్త్రి పరీక్షించి చూసినవి తప్ప ఒక్కటీ లేదు. మరెందుకీ యాతన అని స్నేహితులు అడుగుతారు. తుపాకీ ఒక్కటే పనిలేకుండా ఉండటంలో గొప్పతనమున్న వస్తువండీ. కాని నిర్లక్ష్యంగా పడేసిన తుపాకీ పనిలేనిది కాదు, ఎవరి చేతికో చిక్కాలని చూస్తుంటుంది. తుడవడం అనే వంకతో నెలకోసారి అది ఎక్కడుందో, ఎలా ఉందో, తాళం ఎవరి దగ్గరుందో చూసుకుంటాను. తుప్పు సంగతి ఆ తరవాత.

రెండేళ్ళలో నాకు డెబ్బై నిండుతాయి. 2016 నిబంధనల ప్రకారం అప్పుడు వారసుల్లో ఒకరి పేర లైసెన్సుకి దరఖాస్తు పెట్టించవచ్చు. లేదా లైసెన్సున్న వ్యాపారికి అమ్మెయ్యవచ్చు, ప్రభుత్వానికి అప్పగించవచ్చు. ఉన్నది ఒక్కతే అమ్మాయి, హైదరాబాదులో ఉద్యోగం. "నేనేం చేసుకుంటాను నాన్నా దాన్ని?" అంది. బలవంతం చేయలేదు. బరువు తెలియకుండా పుచ్చుకునేకన్నా వద్దనడమే మర్యాద.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నా పక్కన కూచుని తుడవడం చూసింది. గుడ్డ అందించాను. అందుకోకుండా ముందు, "బోల్టు తీసి చూపించు, లోపల ఏమీ లేదుగా?" అంది. చూపించాను. వంగి, వెలుతురుకి పెట్టి, గొట్టం ఈ చివరనించి ఆ చివరిదాకా తనే చూసుకుంది. అప్పుడు గుడ్డ తీసుకుంది.

ఏం నిర్ణయించుకుంటుందో ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు.