బల్ల తీయించాలా, వద్దా?

దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు. వానాకాలపు సూరత్‌లో ఎవరైనా మొదట డెంగ్యూ అనే అనుకుంటారు. కాని జ్వరం లేదు; ప్లేట్‌లెట్లు మాత్రం 10,000కు పడిపోయాయి. అప్పుడు వైద్యుడు ఐ.టి.పి. అనే వ్యాధిని అనుమానిస్తాడు.

ఆరోగ్యవంతుల రక్తంలో ఘన మిల్లీమీటరుకు 1,50,000 నుండి 4,50,000 వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఈ వ్యాధిలో శరీరాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలే వాటిని శత్రువులుగా ఎంచి పట్టుకొంటాయి. అలా ముద్రపడిన కణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. 1916లో ప్రేగ్ నగరంలో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి ఈ సంగతి ఊహించి, ఒక రోగికి ప్లీహం తీయించమని పెద్దలను ఒప్పించాడు. శస్త్రచికిత్స తరువాత ఆమె ప్లేట్‌లెట్లు అమాంతం పెరిగాయి. 1950లో అమెరికాలో విలియం హారింగ్టన్ రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకొన్నాడు. కొద్ది గంటలలోనే ఆయన ప్లేట్‌లెట్లు అట్టడుగుకు చేరాయి. దోషం రక్తంలోనే ఉన్నదని తేలింది.

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో, మరమగ్గాల పనికై తెలంగాణ నుంచి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం. అక్కడ ప్లీహాన్ని గుజరాతీ వైద్యుడు ‘బరోళ్’ అంటాడు, చదువుకొన్న పిల్లలు ‘స్ప్లీన్’ అంటారు, పాతతరం అవ్వలు ‘బల్ల’ అంటారు. చిక్కు ఇక్కడే ఉన్నది. అవ్వ దృష్టిలో బల్ల అవయవం కాదు, కడుపులో పెరిగిన రోగం. తీసివేస్తే పీడ విరగడవుతుందని ఆమె నమ్మకం. నిజానికి ఐ.టి.పి.లో ప్లీహం సాధారణంగా ఉబ్బదు. అది రక్తంలో చేరిన క్రిములను వడగట్టే కాపలాదారు.

కనుకనే వైద్యులు తొందరపడరు. పిల్లలలో చాలామందికి కొద్ది నెలలలో జబ్బు దానంతటదే నయమవుతుంది. పెద్దలకు మొదట స్టెరాయిడ్లు ఇస్తారు. ప్రమాద సమయంలో ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. ఎముక మజ్జను ప్రేరేపించే ఎల్‌ట్రోంబోపాగ్ మాత్రలు 2008 నుంచి వాడుకలో ఉన్నాయి. శస్త్రచికిత్సకు సాధారణంగా ఏడాది ఆగమంటారు. దానివల్ల సుమారు మూడింట రెండువంతుల మందికి శాశ్వత ప్రయోజనం. నెలనెలా మందులు కొనలేని నేతకార్మికునికి ఒక్కసారి ఖర్చుతో పోయే కత్తే మేలనిపించడం సహజం.

అయితే కత్తికి కనీసం రెండు వారాల ముందే న్యుమోకోకస్ వంటి క్రిములకు టీకాలు వేయించాలి. ఆపైన జీవితాంతం ఒక నియమం: ప్లీహం లేని మనిషికి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అంగీకారపత్రంపై వేలిముద్ర పడకముందే అవ్వకు ఆమె తెలుగులో చెప్పవలసిన మాట ఇది.