పత్రిక తమిళము, పలుకు తెలుగు

బ్యాండేజి గుడ్డ నేయు మన సత్రపట్టిలో ఉదయమున చేతికి వచ్చు పత్రిక తమిళ పత్రికయే. 1942లో మదురైలో పుట్టిన "దినతంతి" మనకు పొరుగింటిది. చెన్నపట్టణమున తెలుగునకును అట్టి వైభవ ముండెడిది: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో "ఆంధ్రపత్రిక"ను అచ్చట దినపత్రికగా వెలువరించిరి, 1938లో వెలసిన రేడియో కేంద్రము తెలుగునందును పలికెను. ఆ పత్రిక 1991లో నిలిచిపోయినది.

ఆంధ్రదేశమున శిక్షణ పొంది వచ్చిన నేను, పిల్లలచే తమిళ వార్త చదివించి తెలుగున చెప్పింతును. పడుగు, పేక, నూలు ధర యన్నచో తడబాటు లేదు. పురపాలక సంఘ మనవలసినచోట మాత్రము "నగరాట్చి"యే నోటికి వచ్చును. ఇంట వినని మాట బడిలో నెన్నాళ్లు నిలుచును? మొన్న నొక బాలిక కొంత తడ వాలోచించి "ఊరిని చూచుకొను కచేరి" యనెను. నేను దిద్దలేదు, నల్లబల్లపై వ్రాసితిని.