రెండు సినిమాల దూరం

"హైదరాబాద్ ఎంత దూరంరా?" అని నాన్న అడిగినప్పుడల్లా "గంటేగా నాన్నా!" అనేవాణ్ణి.

ఆయన కోడంబాకం ఎడిటింగ్ గదుల్లో ఫిల్ము అతికిస్తూ ముప్ఫయ్యేళ్ళు గడిపిన మనిషి. 1996లో ఊరు చెన్నై అయినా ఆయన నోటికది మద్రాసే! తెలుగు సినిమా వెనకాలే నేనూ హైదరాబాద్ చేరాను. ఆయన మాత్రం కదల్లేదు.

నా 'గంట' ఉత్త గాలిమాట కాదండోయ్! అట్లాసు ముందేసుకుని లెక్క కట్టాను. శంషాబాద్ 17.24 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మీనంబాకం 12.99 మీద. తేడా 4.25 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 472. తూర్పుకి జరగాల్సింది ఇంకో 186. బళ్ళో చదివిన పైథాగరస్ సూత్రం వాడితే ఏటవాలు దూరం 507 కిలోమీటర్లు! జెట్ విమానం గంటకి 800 పోతుందనుకుంటే 38 నిమిషాలు. మరి టైంటేబుల్లో గంటంపావు ఎందుకంటారా? విమానం గేటు దగ్గర కదిలినప్పట్నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారు. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత వేగం ఉండదు. పైగా శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటే, మద్రాసేమో దక్షిణాన! లేచాక మలుపు తిరగాల్సిందే.

ఓ తెల్లవారుజామున ఫోన్ మోగింది. నాన్న స్నానాల గదిలో జారిపడ్డాడు!

5.45కి కృష్ణానగర్‌లో కారెక్కాను. బేగంపేట నుంచి విమానాలు ఎగిరే రోజుల్లో ఆటోలో పోయేవాణ్ణి. 2008లో అవి శంషాబాద్ వెళ్ళిపోయాక ఊరు దాటాల్సిందే. అక్కడ క్యూలు, తనిఖీలు. 8.30కి విమానం కదిలింది. కింద కృష్ణమ్మ, నల్లమల కొండలు... ఏదీ కంటికి ఆనలేదు. మీనంబాకం మీద వానట! దిగడానికి వరస రాక ఇరవై నిమిషాలు గిరగిరా తిరిగాం. ఊరు కనిపిస్తోంది, నాన్న ఆ కిందే ఎక్కడో ఉన్నాడు, నేను మాత్రం పైన! ఆ ఇరవై నిమిషాలు ఏ అట్లాసులో ఉన్నాయి చెప్పండి?

ఇంటి గుమ్మం తొక్కేసరికి సరిగ్గా పదకొండు.

పక్కింటివాళ్ళు అప్పటికే ఆస్పత్రికి తీసుకెళ్ళి తెచ్చారు. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు నాన్న. నన్ను చూసి గోడ గడియారం వంక చూశాడు.

"ఎన్నింటికి బయల్దేరావు?"

చెప్పాను.

ఆయన పెదాలు కదిలాయి. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము, అదీ ఆయన లెక్క! "315 నిమిషాలు... 28,350 అడుగులు. రెండు సినిమాలు చూసొచ్చావురా!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన పక్కన కూలబడి మంచి చెయ్యి పట్టుకున్నాను.

ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను. ఎంత దూరమని ఎవరడిగినా గంట అనను.

"రెండు సినిమాలండీ... ఇంటర్వెల్ లేకుండా!"